ఊహాశిశువుల నామకరణము గూర్చి రిజిస్ట్రారు గారికి బహిరంగ లేఖ

జహీరాబాదు పురపాలక సంఘమునందలి జనన మరణముల రిజిస్ట్రారు గారి సముఖమునకు, ఇదే పట్టణమున నివసించు సామాన్య పౌరుడొకడు సవినయముగా వ్రాసికొనిన విన్నపము.

అయ్యా, లోకమున కొందరు తపాలా బిళ్ళలు ప్రోగుచేయుదురు, కొందరు పరుల తగవులు తీర్చుచు ప్రొద్దుపుచ్చుదురు. నాకు పట్టినది మాత్రము వేరొక వ్యసనము. ఎన్నడును లేని కుటుంబములను కల్పించి, ఆ దంపతులకు ఊరును వృత్తియు నియమించి, వారికి పుట్టినట్లు భావింపబడు బిడ్డలకెల్ల ఒకే భావమునకు చెందిన పేర్లను, ఇంటిపేరు మొదలుకొని నడిమిపేరు మీదుగా పిలుపుపేరు వరకు, వరుస తప్పకుండ పొసగించుట నా నిత్యకృత్యము. ఈ బిడ్డలు ఏడ్వరు, టీకాలకు వెరవరు, కాన్వెంటు ఫీజులకై తండ్రులను పీడింపరు. వారికి కొరవడినది తమ కార్యాలయపు ముద్ర యొక్కటే. దానికొరకే ఈ లేఖ.

చట్టము నేను ఎరుగనివాడను కాను. 1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము ననుసరించి బిడ్డ పుట్టిన 21 దినములలోపల తమకు ఎరిగింపవలెను. మన పెద్దలు బారసాలకు పెట్టుకొనిన దినమును ఇరువదియొకటవదే యగుట చూడగా, ఆ నియమము వ్రాసినవారి ఇంట పెద్ద ముత్తైదువ యెవరో ఉండియుండవలెనని నా అనుమానము. పేరు నిశ్చయింపకయే జననము నమోదు చేయించినను దోషము లేదు. 14వ సెక్షను క్రింద ఆ పేరును ఏడాదిలోపల రుసుము లేకయు, అటుపై పదునైదేండ్లవరకు ఆలస్య రుసుముతోను చేర్పింపవచ్చును. ఇచటనే నా మొదటి చిక్కు. నా బిడ్డలకు వయస్సు పెరుగదు. కావున ఆ పదునైదేండ్ల గడువు వారి విషయమున ఎన్నడు ముగియునో తమరే సెలవీయవలెను. 2023 అక్టోబరు 1వ తేదీనుండి పుట్టినవారికి జననపత్రమే బడికిని, ఓటర్ల జాబితాకును, డ్రైవింగు లైసెన్సునకును ఆధారమైనది గనుక, ఒకసారి కాగితమున కెక్కిన పేరు మనిషిని కడదాక విడువదు. అట్టి పేరును నిజమైన తలిదండ్రులు ఆసుపత్రి వరండాలో సెల్‌ఫోను చూచి చిటికెలో తేల్చివేయుచుండగా, లేని బిడ్డ పేరునకై నేను నిఘంటువులు తిరుగవేయుచు దీపము ముందర కూర్చుందును. ఇరువురిలో బాధ్యత నెరిగినవాడెవడో తాము నిర్ణయింపుడు.

కల్పిత కుటుంబములకు పేర్లు కూర్చుట తెలుగువారికి క్రొత్తయు గాదు. 1897లో వెలువడిన కన్యాశుల్కమున గురజాడ అప్పారావు గారు ముక్కోపికి అగ్నిహోత్రావధానులనియు, పిసినారికి లుబ్ధావధానులనియు, ఉపాయశాలికి పంచతంత్రములోని నక్కను తలపించు కరటకశాస్త్రి యనియు పేర్లు పెట్టిరి. ఏ రిజిస్ట్రారును అభ్యంతరము చెప్పియుండలేదు. నిజమైన ఇండ్లలోనైనను ఒక సూత్రమునకు కట్టుబడి బిడ్డలకు పేర్లిడిన మహానుభావులు లేకపోలేదు. తన పేరునే గోరా యని కుదించుకొనిన నాస్తికవాది గోపరాజు రామచంద్రరావు గారు, ఉప్పు సత్యాగ్రహము జరిగిన 1930లో పుట్టిన కుమారునకు లవణం అనియు, యుద్ధమేఘములు క్రమ్ముకొనిన 1939లో పుట్టినవానికి సమరం అనియు, మరియొక బిడ్డకు నియంత యనియు, తొమ్మిదవ సంతానమునకు హిందీలో తొమ్మిదికి పేరైన నౌ యనియు పెట్టిరి. ఆ ఇంటి బిడ్డల హాజరు పిలిచినచో దేశచరిత్ర వినబడెడిది. నందమూరి తారక రామారావు గారి మార్గము వేరు: తెరపై తాను కృష్ణుడై, ఇంట హరికృష్ణ బాలకృష్ణాదులుగా కుమారులందరను కృష్ణశబ్దముతోడను, లోకేశ్వరి, పురంధేశ్వరి, భువనేశ్వరి, ఉమామహేశ్వరి యని నలుగురు కుమార్తెలను ఈశ్వరీశబ్దముతోడను ముగించిరి. మొదటిది కాలమును బట్టినది, రెండవది ప్రాసను బట్టినది. నాకు మొదటిదానియందే పక్షపాతము.

ఇక పంచాంగమును ఆశ్రయింపుమందురేమో. ఇరువదియేడు నక్షత్రములకు నాలుగేసి పాదములు, పాదమున కొక అక్షరము చొప్పున నూటయెనిమిది అక్షరములు మన పూర్వులు ఏర్పరచియున్నారు. అశ్వినివారికి చూ, చే, చో, లా దొరకును, రోహిణివారికి ఓ, వా, వీ, వూ దొరకును, బాగుగనే ఉన్నది. ఆర్ద్ర మూడవ పాదమున పుట్టిన అభాగ్యునకు మాత్రము ఙ దొరకును. ఙకారముతో మొదలగు పేరొక్కటి చూపినవానికి నేను సన్మానము చేయింతును. హస్త మూడవ పాదపు ణకారముతో కొంత కుస్తీ పట్టితిని గాని, దానినిగూర్చి ఇచట విన్నవింపకుండుటయే మర్యాద.

కావున నా ఊహాకుటుంబములను ఈ నేలకే కట్టిపెట్టితిని. ఈ పట్టణము 1956 వరకు బీదరు జిల్లాలోనిదై, పిమ్మట మెదకు జిల్లాలోనికి వచ్చి, 2016నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. అందుచేత ఒకే వీధిలో బసప్పయు, విఠల్‌రావును, నర్సింలును, ఖాజామియాయు, ఏసురత్నమును ఇరుగుపొరుగై యుందురు. ఝరాసంగము కేతకీ సంగమేశ్వరుని పుణ్యమా యని సంగయ్య, సంగప్ప, సంగమ్మ, సంగమేశ్వర్ అను పేర్లు ఇంటింటను వెలసినవి. కోస్తాలో వెంకటశబ్దము ఎట్లు అందరికి నడిమిపేరై నడచినదో, ఇచట సంగశబ్దము అట్లు నడచినది. ఒక ప్రాంతమంతయు ఒకే కుటుంబమై ఒకే సూత్రమున పేర్లు పెట్టుకొనినట్లు కాదా? నేను చేయునదియు అదియే. దేవుని స్థానమున పంటను ఉంచితిని, అంతే.

మొదటిది చెరకుతోట కుటుంబము. ఇంటిపేరు బెల్లంకొండ, ఆ ఇంటిపేరు నిజముగా గలవారు మన్నింతురు గాక. కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెరకునుండి వచ్చు పదార్థములను ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర యని వరుసగా చెప్పియున్నాడు. కాగిన రసము మొదలుకొని తెల్లని చక్కెర వరకు ఐదు మెట్లు, ఐదుగురు బిడ్డలు. పెద్దవాడు ఫణిత్, ఈ పేరు వినినవారెల్ల ఎంత ఆధునికముగా నున్నదని మెచ్చుచున్నారు, పాకమని చెప్పగనే ముఖము చిట్లించుచున్నారు. రెండవవాడు గుడాకేశుడు, ఆ శబ్దమునకు వ్యుత్పత్తి వేరనియు, బెల్లముతో దానికి సంబంధము లేదనియు పండితులు ఆగ్రహింతురని ఎరుగుదును, ఎరిగియు పెట్టితిని. మూడవది మత్స్యండి, పాఠశాలలో మత్స్యశాఖకు చెందినదని భావింతురేమో యని కొంత బెంగ కలదు. నాలుగవవాడు ఖండేరావు, సరిహద్దు ఆవలి మరాఠీ బంధువులు కులదైవము ఖండోబా పేరు పెట్టితిరని సంతోషింతురు, ఇంటివారు చక్కెరముక్కను తలచుకొందురు, ఇరుపక్షములకును తృప్తి. కడసారిది శర్కర.

రెండవది మెట్టచేని కుటుంబము. జొన్నలగడ్డ, సజ్జా, కొర్రపాటి, అరికెపూడి యని మన ఇంటిపేర్లలో గాదెలు గాదెలుగా ధాన్యము నిండియుండగా, పిలుపుపేర్లకు మాత్రము గింజయైనను ఏల దక్కలేదు? ఇచటికి చేరువనున్న పస్తాపూరున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలై, పేద స్త్రీల సంఘముల ద్వారా మరుగుపడిన విత్తనములను ఇండ్లలో నిలిపినది. మాచనూరున 2008నుండి ఆ స్త్రీలే సంఘం రేడియో నడిపిరి. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యములకై ఒక సంవత్సరము కేటాయించుటకు 2023 రావలసి వచ్చినది. అందుచేత సామల వారింట నేను బిడ్డ పుట్టిన కార్తెను నడిమిపేరు చేసితిని: సామల మృగశిర కొర్రయ్య, సామల ఆర్ద్ర తైదమ్మ, సామల హస్త జొన్నయ్య. వాన లేకయే మంచుచెమ్మతో పండు చలికాలపు పైరులను ఈ ప్రాంతపు స్త్రీరైతులు సత్యం పంటలందురు. కావున నాలుగవవానికి సత్యం అని పెట్టితిని, ఎవరును ప్రశ్నింపలేదు. చివరి ఆడుబిడ్డ కుసుమ. తాము పువ్వని తలచి వెంటనే నమోదు చేయుదురు. అది నూనెగింజ యని ముందే ఎరిగించుచున్నాను, తరువాత మోసము చేసితినని అనవలదు.

నా పేర్లు నవ్వు పుట్టించునని ఒప్పుకొందును. కాని నేడు బడికి పోవు రియాన్ష్, కియాన్ష్, అయాన్ష్ మొదలగు బాలురను వరుసగా నిలిపి, ఎవరి పేరునకు ఏమి యర్థమని అడుగుడు. తండ్రి ఇంటర్నెట్టును చూపును, తాత ఆకాశమును చూచును. ముందు పుట్టినవారు దక్కలేదని, దిష్టి తగులరాదని బిడ్డకు పెంటయ్య, కుప్పయ్య యని పేర్లు పెట్టిన నిరక్షరాస్యురాలైన తల్లి, ఆ మోటు శబ్దమున తన గుండెలోని భయమంతయు దాచుకొనినది. ఆమెకు పేరెందుకో తెలిసియుండెను.

కావున నా ప్రార్థన యిది. తమ కార్యాలయమున ఊహాజననములకు ప్రత్యేకముగా ఒక పుస్తకము తెరిపించి, పైని పదిమందిని వరుస చెడకుండ అందులో చేర్పింపుడు. నియమములు ఒప్పవని త్రోసిపుచ్చదలచినచో, ఆ ఉత్తరువునందైనను మత్స్యండి పేరు అక్షరదోషము లేకుండ వ్రాయింపుడు. ఈ రెండును కానిచో, పేరు గడి ఖాళీగా విడిచి తమ కిటికీ ముందు తటపటాయించు తలిదండ్రులకు ఈ పదింటిలో నచ్చినదానిని ఇచ్చివేయుడు. నాకు రుసుము అక్కరలేదు.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
జహీరాబాదు పురవాసి యొకడు