నడుము పైకే ప్రవరుడు

మనుచరిత్రకు డిజిటల్ బొమ్మలు వేసేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ప్రతి బొమ్మ కిందా ఒకటే మాట: ‘పెద్దనగారి పద్యాల స్ఫూర్తితో’. ఆ స్ఫూర్తి ఎలా పుడుతుందో కనిపెట్టడం కష్టమేం కాదు. ‘హిమాలయం, అప్సరస, అందగాడు, బంగారు వెలుగు’ అని యంత్రం చెవిలో నాలుగు ముక్కలు ఊదితే అర నిమిషంలో కావ్యం దిగిపోతుంది. రాయలవారు పెద్దన పల్లకీ మోశారంటారు. వీళ్లకు పుస్తకం మోసే శ్రమ కూడా లేదు.

సరే, బొమ్మలోకి వెళదాం. వరూధినికి చెవులదాకా సాగిన కళ్లు. కావ్యంలో జనం నోట నానిన కళ్లు మాత్రం ప్రవరుడివి. దారితప్పి, ఊరికి తోవ చెప్పమని అతను అడిగితే, అంతేసి కళ్లు పెట్టుకుని ఇంకొకరిని దారి అడగడమేమిటని ఆవిడ ఎకసెక్కెమాడుతుంది. ఆ కొంటెతనం ఆమె పెదవి కొసనైనా కనిపించాలా? బొమ్మలో ఆవిడ షాంపూ ప్రకటనకు నిలబడ్డట్టు ఆకాశంలోకి చూస్తుంటుంది. పక్కన నిత్యాగ్నిహోత్రి, జిమ్ములో పెంచిన కండలతో.

ఇక కౌగిలి. ఇద్దరినీ పెనవేయందే వీళ్లకు తృప్తి ఉండదు. అయ్యా, ప్రవరుడు ఆమెను భుజాలంటి తోసేశాడు! అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇంటికి చేరుకున్నాడు. తర్వాత ఆమె కౌగిట్లోకి వచ్చినవాడు ప్రవరుడి రూపు ధరించిన గంధర్వుడు. ‘మేం గీసింది ఆ గంధర్వుణ్ణే’ అని ఎవరైనా బుకాయిస్తే అక్కడికక్కడే దండం పెడతాను. అంతదూరం చదివాడన్నమాట!

అన్నిటికన్నా ముచ్చటైనది ఫ్రేము. సరిగ్గా నడుము దగ్గర కోత. అసలీ కథ నడిచిందే కాళ్లమీద. సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకునే ప్రవరుడు హిమాలయానికి వెళ్లగలిగాడు. మంచుకు అది కరిగిపోబట్టే తిరిగి రాలేకపోయాడు. అది కరగకపోతే వరూధిని లేదు, గంధర్వుడు లేడు, వాళ్ల కొడుకు స్వరోచి లేడు, మనువు అంతకన్నా లేడు. మంచులో ఆ వట్టి పాదాలు, వేళ్ల సందుల్లో ఇంకా కాస్త అంటుకున్న పసరు గీస్తే చాలదా? కానీ యంత్రానికి వేళ్ల లెక్క తరచూ తప్పుతుంది. కాళ్లు కోసేస్తే గొడవ వదిలిపోతుంది.

యంత్రం మీద నాకేం పగలేదు. వడ్డాది పాపయ్య కుంచెతో వేశారు. ఇవాళ ఎవరైనా టాబ్లెట్ మీద స్టైలస్‌తో వేస్తే సరస్వతి అలిగి వెళ్లిపోదు. స్టైలస్ పట్టేముందు పుస్తకం పట్టమంటున్నా, అంతే. అదీ పెద్ద కోరికేనని ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

మనుచరిత్ర అయ్యాక వీళ్లు వసుచరిత్ర మీద పడతారేమోనని నా బెంగ. శుక్తిమతీ నదికి అడ్డుపడ్డ కోలాహల పర్వతాన్ని వసురాజు తొలగించింది కూడా కాలితోనే మరి.