చెయ్యి వెనక్కి!

మా గురువుగారికి దొంగలంటే భయం లేదు. హ్యాకర్లన్నా లెక్కలేదు. ఆయన భయమల్లా మోచేతులంటేనే. మోచేతుల తర్వాత మెడలో వేలాడే ఐడీ కార్డు తాళ్ళు, భుజాన తగిలించుకున్న ల్యాప్‌టాప్ బ్యాగులు, వంగితే జారే చున్నీలు, “ఒక్క నిమిషం సార్, ఊరికే చూసొస్తా” అనే కుర్రాళ్ళు. సర్వర్లున్న ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి శాల్తీ ఒకటి ఉంటుంది. మీ ఆఫీసులో లేకపోతే మీ సర్వర్లు దైవాధీనంగా నడుస్తున్నాయన్నమాట.

గచ్చిబౌలి వైపు ఒక డేటా సెంటర్లో మా కంపెనీకి సగం రాక్ ఉంది. రాక్ అంటే లోపల 19 అంగుళాల సామాను పట్టే ఇనప బీరువా. నిలువునా 42 యూనిట్లు, ఒక్కోటి 1.75 అంగుళాలు. కింది సగం మాది. పై సగం ఇంకెవరిదో. కొన్ని చోట్ల ఎవరి వాటాకి వాళ్ళ తలుపూ తాళమూ ఉంటాయి. మాకు ఆ భాగ్యం లేదు, ఒకే బాత్‌రూమ్ వాడుకునే రెండు పోర్షన్లవాళ్ళలా సర్దుకుపోవాలి. వాళ్ళ తీగలు మా సర్వర్ల వెనకనుంచి దిగుతాయి, మావి వాళ్ళ నెట్‌వర్క్ స్విచ్ పక్కనుంచి ఎక్కుతాయి. గురువుగారికి నిద్రపట్టకపోవడానికి ఈ అమరిక ఒక్కటి చాలు.

రాక్ తలుపు తీయగానే ఆయన నోట వచ్చే మొదటి మాట “చెయ్యి వెనక్కి!” చేతులు వెనక కట్టుకుని నిలబడాలి. ఐడీ కార్డు చొక్కా జేబులో దోపుకోవాలి. ఇద్దరం వెళ్తే ఒకరు చదవాలి, ఇంకొకరు ముట్టుకోవాలి. చదవడమంటే మనసులో కాదు, కేబుల్ మీదున్న లేబుల్ పైకి చదవాలి, అటు కొసదీ ఇటు కొసదీ. లోపల ఫ్యాన్ల హోరుకి పక్కమనిషి మాటే వినపడదు కాబట్టి అరవాలి. అర్ధరాత్రి ఆ చలిలో ఇద్దరు పెద్దమనుషులు “రాక్ ఏడు, యూనిట్ పన్నెండు, పోర్ట్ మూడూ” అని కేకలు పెడుతుంటే సెక్యూరిటీ అతను రెండుసార్లు వచ్చి తొంగిచూశాడు.

ఇప్పటి సర్వర్లకి గుర్తుపట్టే నీలి లైటు ఒకటుంటుంది. ఆఫీసులో కూర్చుని కంప్యూటర్లో నొక్కితే అక్కడ సర్వర్‌కి ముందూ వెనకా వెలుగుతుంది. వెనక నిలబడి ఏది మనదో తేల్చుకోలేకపోవడం ఈ వృత్తిలో పాత రోగం. దానికి మందు కనిపెట్టినవాడికి గుడి కట్టించాలంటారు గురువుగారు. అయినా ఆ దేవుణ్ణీ పూర్తిగా నమ్మరు. పై సగంవాళ్ళు కూడా సరిగ్గా అప్పుడే తమ సర్వర్‌కి లైటు వెలిగించి ఉంటే? అందుకని ఫోన్లో “ఆర్పు” అంటారు. “ఆరింది సార్.” “వెలిగించు.” “వెలిగింది సార్.” “మళ్ళీ ఆర్పు.” పాచ్ కేబుల్ ఒకటి మార్చడానికి మేము రెండు గంటలు తీసుకుంటామని బయట చెప్పుకోవడానికి నాకు సిగ్గేస్తుంది.

తీగలు కట్టే ప్లాస్టిక్ ట్యాగులు ఆయన రాజ్యంలో నిషిద్ధం. బిగిస్తే ఫైబర్ నలుగుతుంది, విప్పాలంటే కత్తెర కావాలి, కత్తెరకి తన పర తేడా తెలియదు. అందుకని జేబునిండా వెల్క్రో పట్టీలు. ఇక కరెంటు సంగతి ఎత్తితే మనిషి ఆగరు. సర్వర్‌కి రెండు పవర్ కార్డులిచ్చేది ఒకటి ‘ఎ’ లైనుకీ ఒకటి ‘బి’ లైనుకీ పెట్టమని. రెండూ ఒకే పీడీయూకి, అంటే రాక్‌లో కరెంటు పంచే ఒకే ప్లగ్గుల పట్టీకి, గుచ్చి “బ్యాకప్ ఉంది సార్” అన్న కుర్రాడితో వారం మాట్లాడలేదు. రెండు పీడీయూల మీదా సగానికి మించి లోడు పెడితే ఒకటి పోయిన క్షణంలో రెండోదీ ట్రిప్పవుతుందని మా డ్రైవర్‌కి కూడా కంఠతా వచ్చు. పైగా మామూలు పవర్ కార్డుని సర్వర్‌లో పట్టి ఉంచేది ఉత్త బిగుతే. భారం పడితే మెల్లగా వదులవుతుంది, భుజం తగిలితే ఊడుతుంది. లాక్ ఉన్న కార్డులు కొనమని పర్చేజ్ వాళ్ళ వెంట పడి మరీ సాధించారు.

ఆయన చెప్పే పురాణాల్లో రెండు కథలు నాకు నచ్చుతాయి. 2013లో సిస్కో కంపెనీ తన 48 పోర్టుల కెటలిస్ట్ 3650, 3850 స్విచ్‌ల గురించి తానే ఒక నోటీసు ఇచ్చుకుంది. మొదటి పోర్టుకి పైన మోడ్ బటన్ ఉంది. క్లిప్పు మీద రబ్బరు తొడుగున్న కొన్ని రకాల కేబుళ్ళు ఆ పోర్టులో పెడితే తొడుగు వెళ్ళి బటన్ని నొక్కిపట్టేది, స్విచ్ కాస్తా రీసెట్ అయి కూర్చునేది. “చూశావా నాయనా, మనిషి కూడా అక్కర్లేదు. రబ్బరు టోపీ చాలు!” అంటారు, ఏదో పెళ్ళి కబురు చెప్పినంత సంతోషంగా.

రెండోది 2017 మే నెలది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగి సుమారు 75,000 మంది ప్రయాణికులు ఎక్కడివాళ్ళక్కడ చిక్కుకున్నారు. ఒక ఇంజినీరు డేటా సెంటర్లో కరెంటు తీశాడనీ, అసలు నష్టం మళ్ళీ ఇచ్చినప్పుడు తన్నుకొచ్చిన కరెంటు వల్లనే జరిగిందనీ మాతృసంస్థ అధిపతి విల్లీ వాల్ష్ చెప్పాడు. ఈ కథ చివర గురువుగారు మావైపు వేలు చూపిస్తారు. “తప్పు ప్లగ్గు తీశారే అనుకోండి. కంగారులో మళ్ళీ గుచ్చొద్దు. చేతులు జేబులో పెట్టుకుని నాకు ఫోన్ చెయ్యండి.”

మొన్న పై సగంవాళ్ళ పవర్ కార్డొకటి సగం బయటికొచ్చి వేలాడుతోంది. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే సరిపోతుంది. చెయ్యి చాచాను. “వెనక్కి!” “సార్, పాపం వాళ్ళకే ఉపకారం కదా.” “నువ్వు నొక్కితే అది లోపలికే వెళ్తుందని రాసిస్తావా?” డేటా సెంటర్‌వాళ్ళకి టికెట్ పెట్టి, వాళ్ళు ఆ కంపెనీని నిద్రలేపి అనుమతి తీసుకునేదాకా ఆ తీగ ముందు కాపలా నిలబడ్డారు. పక్కనే నేనూ. రాత్రి రెండు దాటింది. క్యాంటీన్ మూసేశారు.

ఆయన ఇంట్లో ఇంకా అన్యాయం. మెయిన్ బోర్డు మీద ప్రతి స్విచ్‌కీ లేబులే. ఫ్రిజ్ ప్లగ్గు మీద “తీయరాదు, చుట్టాలైనా సరే” అని ఉంటుంది. భరించలేక వాళ్ళావిడ ఒక ఆదివారం వాలుకుర్చీలో నిద్రపోతున్న ఆయన చొక్కాకే “కదిలించరాదు” అని అంటించారట. జబ్బు అంటుకునేదే అనుకుంటాను. మిక్సీ ప్లగ్గు తీసేముందు తీగ వెంట వేలు రాస్తూ అటు కొసదాకా వెళ్తున్నానని మా ఆవిడ ఫిర్యాదు.

అప్రైజల్లో “ఈ ఏడాది మీరు సాధించినది” అన్న గడిలో గురువుగారు “ఏమీ జరగలేదు” అని రాశారు. వివరంగా రాయమన్నాడు మేనేజరు. “ఏమీ జరగనివ్వలేదు” అని దిద్ది ఇచ్చారు. ఆయనకి యావరేజ్ రేటింగే వచ్చింది. తప్పు కేబుల్ లాగేసి, తెల్లవార్లూ మేలుకుని సర్వీసు నిలబెట్టిన కుర్రాడికి అదే ఏడాది స్టార్ అవార్డు, శాలువా. ఆయన చప్పట్లు కొట్టారు. ఎంత విసిగించినా, ఆ సాయంత్రం నేను మాత్రం ఆయన పక్షమే.

2022 నవంబరులో అమెజాన్ తన డేటా సెంటర్ల రీజియన్ని హైదరాబాద్‌లో తెరిచినప్పుడు మేమందరం ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నాం. 2025 అక్టోబరులో విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని ప్రకటన వచ్చినప్పుడు గిగావాట్ల గురించి మాట్లాడుకున్నాం. రెండుసార్లూ గురువుగారు అడిగింది ఒకటే ప్రశ్న: “అన్ని తీగలకి లేబుళ్ళు ఎవరేస్తార్రా?”

వచ్చే ఏడాది ఆయన రిటైర్మెంట్. విశాఖలో కొత్త రాకులు నింపబోయేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆయన్ని తీసుకెళ్ళండి. జీతం పెద్దగా అడగరు. లేబుల్ మెషీన్ సొంతమే తెచ్చుకుంటారు.