కొత్త కారుకు స్టెప్నీ: కొన్ని ఉచిత సలహాలు

కొత్త కారు డెలివరీ రోజున చూసుకోవలసినవి చాలా ఉంటాయి. గుడ్డ తీసేటప్పుడు ఫొటో, కేకు, పెద్ద తాళం చెవి బొమ్మ, ఆ తరవాత పెద్దమ్మ గుడి దగ్గర పూజ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఐదో నిమ్మకాయ ఎవరూ కొనరు కనక, ఐదో చక్రం ఉందో లేదో అని డిక్కీలో చాప ఎత్తి చూడడం మర్యాద కాదు. సేల్స్ కుర్రాడు "అన్నీ ఉన్నయ్ సార్" అన్నాడంటే ఉన్నట్టే.

మర్యాద తప్పి చాప ఎత్తినవాళ్ళకు మూడింటిలో ఒకటి కనిపిస్తుంది: పూర్తి సైజు చక్రం, సన్నపాటి పొట్టి చక్రం, లేదా ఒక జిగురు సీసా, దాని పక్కన బుల్లి కంప్రెసరు. మూడోదే కనిపిస్తే షోరూముకు వెళ్ళి గొడవ పెట్టుకోకండి, చట్టం వాళ్ళ వైపే ఉంది. టైర్లు ట్యూబ్‌లెస్ అయి, గాలి తగ్గితే చెప్పే టీపీఎంఎస్, రిపేరు కిట్టు ఉంటే మూడున్నర టన్నుల లోపు కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన మారింది. ఎలక్ట్రిక్ కార్లలో పెద్ద బ్యాటరీకి చోటు దొరుకుతుందన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. మీ పెట్రోలు కారులో మిగిలిన ఆ చోట్లో ఏం పెట్టుకోవాలో మాత్రం చెప్పలేదు.

జిగురు సీసా సర్వరోగ నివారిణి అని నమ్మండి. నిజానికి అది ట్రెడ్‌లో మేకు దిగిన చిన్న కన్నాన్ని పూడుస్తుంది, అంతే. మెట్రో పిల్లర్ల పక్క డివైడరు రాయికి రాసుకుని టైరు పక్కగోడ చీలితే అది చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇలాంటి తేడాలు మెకానిక్‌లకు ఉండవచ్చు గాని, హైటెక్ సిటీలో పనిచేసేవాళ్ళకు ప్యాచ్ అంటే ప్యాచే. సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది. చదవకండి, బెంగ తప్ప ఏమీ రాదు.

ఇంత చెప్పినా వినకుండా స్టెప్నీ కొందామన్న బుద్ధి పుడితే, అది సంక్రాంతికి ఊరెళ్ళే ముందు సాయంత్రమే పుట్టాలి. ఆ పూట కేపీహెచ్‌బీ రోడ్డు పొడుగునా బస్సుల కోసం బ్యాగులతో నిలబడ్డ జనం, పంక్చరు షాపు ముందు వరస కట్టిన కార్లు. మీకు ఆలోచించే తీరికా ఉండదు, కుర్రాడికి కొలిచే తీరికా ఉండదు. చవగ్గా వచ్చే పొరపాట్లన్నీ అప్పుడే వస్తాయి.

కొనేటప్పుడు నట్లు లెక్కపెట్టండి, చాలు. క్రెటాకు ఐదు, బ్రెజాకు ఐదు. ఆ నట్లు కూర్చునే వలయం కొలత, పీసీడీ అంటారే, అది కూడా రెండింటికీ 114.3 మిల్లీమీటర్లే. పెళ్ళి సంబంధాల్లో కూడా ఇంత పొంతన కుదరదు. కాబట్టి పక్క ఫ్లాటు వాళ్ళు అమ్మేస్తున్న బ్రెజా డిస్కు పట్టుకొచ్చి క్రెటా డిక్కీలో పడెయ్యండి. పంతంగి టోలు దాటాక టైరు పోయి, రోడ్డు పక్కన ఎవరినో బతిమాలి జాకీ ఎత్తించాక అసలు సంగతి బయటపడుతుంది. క్రెటా హబ్బు 67.1 మిల్లీమీటర్లు, బ్రెజా డిస్కు నడిమి కన్నం 60.1. "గిది ఎక్కది సార్, నడిమిట్ల బోరు చిన్నగున్నది" అంటాడతను. సుత్తి ఉందా అని అడగండి. ఇదే తిరగేసి క్రెటా డిస్కు బ్రెజాకు తెచ్చుకున్నవాళ్ళు ఇంకా అదృష్టవంతులు. ఎక్కినట్టే ఉంటుంది. హబ్బు మీద కుదురుకోదు, భారమంతా నట్ల మీద పడుతుంది, స్టీరింగు వణుకుతుంది. రోడ్డు బాగాలేదని తిట్టుకుంటూ పోవచ్చు.

సైజు దగ్గర ఒక సూత్రం గుర్తుంచుకోండి: రిమ్ము ఒక అంగుళం చిన్నదైతే ఛీ కొట్టాలి, నాలుగు అంగుళాలు చిన్నదై ఊరికే వస్తే కళ్ళకద్దుకోవాలి. టైరు మీది మొదటి అంకె వెడల్పు, రెండోది ఆ వెడల్పులో ఎన్నో వంతు పక్కగోడ ఎత్తో చెప్పే శాతం, మూడోది అంగుళాల్లో రిమ్ము. లెక్క వేస్తే 195/55 ఆర్16 టైరు ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు. 185/65 ఆర్15 ఎత్తు కూడా అంతే, తేడా మిల్లీమీటరు లోపు. అలాయ్‌లు పెద్దవి ఇచ్చి, స్టెప్నీకి మాత్రం ఇనప డిస్కు మీద చిన్న అంకె ఉన్న టైరు ఇచ్చేది ఈ ధైర్యంతోనే. మీరు మాత్రం "పదహారు అలాయ్‌కి పదిహేను ఇనప్పదా!" అని నొచ్చుకుని, మామయ్యగారి పాత ఆల్టో 800 చక్రం తెచ్చుకోండి. అది 145/80 ఆర్12, ఎత్తు 537. ఎనిమిది సెంటీమీటర్లు పొట్టి. నట్లు కుదిరాయే అనుకుందాం, కారు ఓ మూలకు ఒరుగుతుంది, డిఫరెన్షియల్‌కు క్షణం విశ్రాంతి ఉండదు, ఏబీఎస్ లైటు వెలుగుతుంది. లైటు మీద నల్ల టేపు అంటించండి. సెన్సరు లేని చక్రం వేస్తే టీపీఎంఎస్ లైటు కూడా వెలుగుతుంది కనక టేపు రెండు ముక్కలు కత్తిరించుకోండి.

పాత స్టెప్నీ కొనేటప్పుడు గీతలు చూసి మురిసిపోండి. డిక్కీలో పడుకున్న టైరుకు గీతలు అరగవు, రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు పుట్టిన తేదీ. 2314 అంటే 2014లో ఇరవై మూడో వారం. పదేళ్ళు దాటితే స్టెప్నీని కూడా తీసెయ్యమని టైరు కంపెనీలు అంటాయి. అమ్ముకునేవాళ్ళు అలాగే అంటారు లెండి.

సన్నపాటి స్టెప్నీ మీద గంటకు 80 కిలోమీటర్లు దాటవద్దని స్టిక్కరు ఉంటుంది. ఓఆర్‌ఆర్ వేగ పరిమితిని 2023లో 120కి పెంచారు. రెండింటిలో పెద్ద బోర్డు మాట వినండి. సైజు ముందు "టీ" అక్షరం ఉన్న పొట్టి చక్రాలకు మామూలుగా 60 పీఎస్‌ఐ గాలి పెట్టాలి. మిగతా నాలుగింటితో సమానంగా 33 పెట్టించండి, అన్నదమ్ముల మధ్య తేడాలెందుకు. ముందు టైరు పోతే అక్కడే బిగించండి. వెనక మంచి చక్రాన్ని ముందుకు తెచ్చి, పొట్టిదాన్ని వెనక వెయ్యడం రెండుసార్లు జాకీ ఎత్తే పని. గాలిలో 78 శాతం నైట్రోజనే అయినా, డబ్బులిచ్చి మిగిలిన 22 శాతం కూడా కొనుక్కోండి.

చక్రం పట్టే గుంట డిక్కీలో లేకపోతే అట్టపెట్టెల మధ్య ఊరికే నిలబెట్టండి. అది పదిహేను కిలోల వస్తువని మొదటి సడన్ బ్రేకుకు వెనక సీట్లో వాళ్ళకు తెలుస్తుంది.

ఇవన్నీ పాటించేవారు ఫోనులో 1033 రాసిపెట్టుకోవాలి. అది జాతీయ రహదారుల హెల్ప్‌లైను. కూకట్‌పల్లి మెయిన్ రోడ్డూ, విజయవాడ రోడ్డూ ఒకటే 65వ నంబరు రహదారి కాబట్టి పనికొస్తుంది.

డీలరు పార్ట్స్ కౌంటరులో మీ మోడల్, వేరియంట్ చెప్పి ఆ కారు స్టెప్నీ డిస్కే అడిగి, దానికి చెప్పిన సైజు టైరే వేయించి, సెల్లార్‌లో ఓసారి బిగించి చూసుకునే పద్ధతి కూడా ఒకటుంది. అందులో తప్పు చెయ్యడానికి సందు దొరకదు. అందుకే దాన్ని మేము సిఫార్సు చెయ్యం.