ఆరు పడినవాడే మేధావి

మొన్న సంక్రాంతి ముందు మా చిట్యాల వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ వచ్చి పడింది. పద్నాలుగు పేజీలు. ఎవరి భూమి రికార్డులో ఏం తేడా వచ్చిందోనని గుండె గుభేల్‌మని, కళ్లజోడు వెతుక్కుని తెరిచాను. పైన పెద్ద అక్షరాల్లో ఉంది: 'అంతర్జాతీయ ఆన్‌లైన్ లూడో టోర్నమెంటు – నియమ నిబంధనలు'.

అంతర్జాతీయం ఎందుకయిందంటే, ఆడే ముప్పై రెండు మందిలో ఒకాయన డల్లాస్‌లో ఉంటాడు, ఇద్దరు దుబాయిలో ఉంటారు. మిగతావాళ్లలో సగం మంది ఎల్బీనగర్ దాటి పోయింది లేదు.

మొదటి పేజీలో క్రీడాస్ఫూర్తి గురించి నాలుగు మాటలున్నాయి. రెండో పేజీ నుంచి చివరిదాకా పాయింట్లే. మొదట పండినవాడికి ఐదు, రెండోవాడికి మూడు, మూడోవాడికి ఒకటి. చంపిన ప్రతి కాయకూ పావు పాయింటు. చచ్చిన ప్రతి కాయకూ పావు కోత. వరుసగా రెండు ఆటలు గెలిస్తే ఆ తర్వాతి గెలుపుకు రెట్టింపు. ఈ చివరిది లిచెస్ అనే చదరంగం సైటులోని అరీనా పోటీల నుంచి ఎత్తుకొచ్చింది. అక్కడ గెలుపుకు రెండు పాయింట్లు, వరుసగా రెండు గెలిచాక నాలుగేసి, పక్కన మంట బొమ్మ కూడా పడుతుంది. మా నిర్వాహకుడు మంట బొమ్మను కూడా వదల్లేదు, పట్టికలో అతికించాడు. ఇక ప్రతి ఆటకూ స్క్రీన్‌షాట్ పంపాలి. అందులో తేదీ, టైము, ఫోన్ చార్జింగ్ ఎంతుందో కూడా కనపడాలి. చార్జింగ్ ఎందుకని నేనే అడిగాను. "పారదర్శకత కోసం అన్నా" అన్నాడు నిర్వాహకుడు.

ఆ మాట తర్వాత నేను ఇంకేం అడగలేకపోయాను. పారదర్శకత అనేసరికి ఎవరికైనా నోరు పడిపోతుంది.

ఇంతకీ మనం మాట్లాడుతున్నది లూడో గురించి. పాచిక వేస్తే ఒకటి నుంచి ఆరు దాకా ఏదో ఒకటి పడుతుంది. ఆరు పడితేనే కాయ గూట్లోంచి బయటికొస్తుంది. పదిసార్లు వేసినా ఒక్క ఆరూ పడకపోయే అవకాశం నూటికి పదహారు. అంటే ముప్పై రెండు మందిలో సగటున ఐదుగురు పది వంతుల పాటు గూట్లో కూర్చుని మిగతావాళ్ల ఊరేగింపు చూస్తూ ఉంటారన్నమాట. వాళ్లకు లెక్కల్లో 'బలహీన ఆరంభం' అని రాశాడు మావాడు. పక్కన ఇంకో నిలువు వరుస: 'ఒత్తిడిలో నిలకడ'. పాచిక మనిషి చేతిలో కూడా ఉండదు, ఫోన్‌లో ఎక్కడో ప్రోగ్రాము వేస్తుంది. నిలకడ ఎవరిదో, ఒత్తిడి ఎవరికో నాకర్థం కాలేదు.

ఏ ఆట ఎంతవరకు తెలివి, ఎంతవరకు అదృష్టం అన్న సంగతి పక్కనపెడితే (పక్కన పెట్టను, మళ్లీ వస్తాను), జతలు కూర్చడానికి మావాడు స్విస్ పద్ధతి పెట్టాడు. 1895లో జూరిచ్ చదరంగం పోటీలో జూలియస్ ముల్లర్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతది. సమాన పాయింట్లు ఉన్నవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టుకుంటూ పోతారు. అన్ని రౌండ్లూ అయ్యాక కూడా పాయింట్లు సమానమైతే బుఖోల్జ్ లెక్క తీస్తారు. అంటే నువ్వు ఆడిన ప్రత్యర్థులందరి పాయింట్లూ కూడటం. గట్టివాళ్లతో ఆడినవాడికి కాస్త మొగ్గు అన్నమాట. మాగ్డెబర్గ్‌కు చెందిన బ్రూనో బుఖోల్జ్ 1932లో చదరంగం కోసమే దీన్ని తయారుచేశాడు. చదరంగంలో ఇది న్యాయమే. గట్టివాడు అక్కడ నిజంగానే గట్టివాడు.

లూడోలో గట్టివాడంటే ఆ పూట ఆరు ఎక్కువ పడినవాడు. కాబట్టి నన్ను ఓడించినాయనకు పాచికలు ఎంత బాగా పడ్డాయో దాన్నిబట్టి నా ర్యాంకు తేలుతుంది. ఆయన బాగా పడేసుకుంటే నేను మేధావిని. ఆయనకు ఒకట్లు పడితే నేను పనికిమాలినవాణ్ణి. ఈ సంగతి చెబితే మా నిర్వాహకుడు జాలిగా చూసి, "అన్నా, నువ్వు ఫార్ములా చూడలేదు, ఎక్సెల్ చూడు" అన్నాడు. చూశాను. ఫార్ములా తప్పులేకుండా ఉంది. అదే నా బాధ.

మా నాయినమ్మ అష్టచెమ్మ ఆడేది. ఇంటి ముందు గచ్చు మీద బొగ్గుతో అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లు గీసేది. నాలుగు గవ్వలు. గవ్వలు దొరక్కపోతే చింతగింజల్ని బండ మీద ఒకవైపు తెల్లగా వచ్చేదాకా రాకేది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, బోర్లా పడితే అష్ట. ఏది పడినా ఇంకో ఆట. కాయల కింద ఒకరికి చీపురుపుల్లలు, ఒకరికి పగిలిన గాజుముక్కలు, ఒకరికి కందిబేడలు. ఒక్కరినైనా చంపితే తప్ప లోపలి గళ్లలోకి దారి లేదు. పాయింట్లు అసలే లేవు. కాయ పండిందా లేదా, అంతే.

ఆమె తొండి ఆడేది. మూడు పడితే నాలుగు గళ్లు జరిపేది, అదీ "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెడుతూనే. ఎదుటామె చేయి పట్టుకునేది. "ఏందే, కండ్లు కనవడ్తలెవ్వా నీకు?" అని నాయినమ్మే ఎదురు దబాయించేది. వాడకట్టంతా తీర్పుకు వచ్చేది. పక్కింటి చిన్నమ్మ ఒకవైపు, ఎదురింటి అత్త ఒకవైపు. పొయ్యి మీద పప్పు మాడేది. ఆ గొడవ ఆగి ఆట మళ్లీ మొదలయ్యేసరికి ఎవరి కాయ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండేది కాదు. మొదటినుంచి గవ్వలు వేసేవాళ్లు. ఒక ఆట పూర్తయినట్టు నాకు గుర్తులేదు. అయినా రోజూ ఆడేవాళ్లు.

ఫోన్‌లో ఆట వచ్చాక తొండి పోయిందని అందరూ చెబుతారు. మూడు పడితే మూడు గళ్లే కదులుతుంది, నిజమే. కానీ నాకు కనపడినదేంటంటే, గళ్ల మీది నుంచి లేచిన తొండి పోయి పాయింట్ల పట్టికలో కూర్చుంది. రెండో రౌండు అయ్యాక గ్రూపులో ఒక సవరణ వచ్చింది: చంపిన కాయకు పావు పాయింటు బదులు అర పాయింటు, మొదటి రౌండు నుంచే వర్తిస్తుంది. ఎందుకూ అని చూస్తే, అప్పటికి ఎక్కువ కాయలు చంపినాయన నిర్వాహకుడే. నాయినమ్మ ఒక గడి ఎక్కువ జరిపితే పదిమంది చేయి పట్టుకున్నారు. ఈయన ఒక గడిలో అంకె మారిస్తే ముప్పై ఒక్కమంది బొటనవేలి బొమ్మ పెట్టారు. అప్పీళ్ల కమిటీలో ముగ్గురు. అందులో ఒకాయన నిర్వాహకుడి బావమరిది. ఇంకొకాయన ఆ బావమరిది తోడల్లుడు.

ఇప్పుడు తెలివి సంగతికి వస్తాను. ఈ 'నైపుణ్యం' అనే మాటకు మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని 1967లో కోర్టు తేల్చింది. సికింద్రాబాద్‌లో బల్ల చుట్టూ కూర్చుని ముక్కలు వేసుకున్నవాళ్లకు దక్కిన ఆ మాటను, అర్ధశతాబ్దం తర్వాత యాప్ కంపెనీలు గొడుగులా పట్టుకుని తిరిగాయి. జీతం పడిన రాత్రే పోగొట్టుకున్నవాడికి కూడా, 'నువ్వు ఓడిపోలేదు, నైపుణ్యం చాల్లేదంతే' అన్న ఓదార్పు ఉచితం. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆర్డినెన్సు తెచ్చి నైపుణ్యం ఆటలకున్న మినహాయింపును తీసేసింది. ఊరుకుంటారా? ఫోన్‌లో లొకేషన్ మార్చుకునే యాప్‌లు వేసుకుని, మనిషి ఇక్కడే కూర్చుని పక్క రాష్ట్రం పోయి ఆడొచ్చాడు. ఆ నైపుణ్యానికి మాత్రం ఏ కోర్టూ మార్కులు వెయ్యలేదు. లూడోది తెలివా అదృష్టమా అన్న పంచాయితీ 2021లో బొంబాయి హైకోర్టు మెట్లు కూడా ఎక్కింది.

చివరికి 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి ఆ గొడుగును మడిచేసింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా, రెండూ కలిసినా, గెలుపు ఆశతో డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో ఆడితే నిషేధమే. కోర్టుల్లో వాదనల సంగతి ఎలా ఉన్నా, మా నిర్వాహకుడు ఆ వార్త చదివినట్టున్నాడు. మొదట 'ఎంట్రీ ఫీజు యాభై' అని ఉన్న పీడీఎఫ్ మర్నాటికి 'స్వచ్ఛంద విరాళం యాభై' అని మారింది. స్వచ్ఛందంగా ఇవ్వనివాళ్ల పేర్లు ఎర్ర రంగులో కనపడ్డాయి. మొదటి బహుమతి ఐదు లీటర్ల కుక్కరు.

చదరంగమైతే ఈ గొడవలుండవు అనుకునేవాళ్లకు ఒక ముచ్చట చెప్పాలి. కరోనా ఏడాది, 2020లో, ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే ఆన్‌లైన్ ఒలింపియాడ్ పెట్టింది. మన జట్టులో ఆనంద్, విదిత్‌లతోపాటు మన తెలుగోళ్లు ముగ్గురున్నారు: హంపి, హారిక, హరికృష్ణ. క్వార్టర్ ఫైనల్లో ఎదురుగా అర్మేనియా. వాళ్ల ఆటగాడు ఒకాయన మధ్యలో నెట్ తెగి ఓడిపోయాడు. అప్పీలు చేశారు, కొట్టేశారు. వాళ్లు అలిగి రెండో మ్యాచ్ ఆడనేలేదు. మనం సెమీస్‌కు వెళ్లాం. అక్కడ పోలండ్ మీద చావోరేవో ఆట ఆడి హంపి జట్టును ఫైనల్‌కు చేర్చింది. అది మాత్రం నికార్సయిన ఆట, దాని ముందు నేను వ్యంగ్యం ఆడను. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. మధ్యలో ప్రపంచమంతటా నెట్‌కు పెద్ద అంతరాయం వచ్చింది. మనవాళ్లిద్దరు, నిహాల్, దివ్య, గడియారం కరిగిపోయి ఓడారు. మొదట రష్యా గెలిచిందన్నారు. మనం అప్పీలు చేశాం. కాసేపటికి ఇద్దరికీ బంగారమన్నారు.

అర్మేనియా నెట్ తెగితే అది అర్మేనియా నెట్. మన నెట్ తెగితే అది ప్రపంచ సమస్య. కారణాలు వేరు, అది నాకూ తెలుసు, వాళ్లది ఒక్కరి నెట్ గోల, ఇది లోకమంతటి గోల. కానీ ఆ రాత్రి పతకాన్ని తేల్చింది ఎత్తులా? అంతమంది ఆటగాళ్ల బుర్రల మీద చివరి తీర్పు ఎక్కడో సర్వర్ గదిలో పడింది. అంతటి ఒలింపియాడే ఇట్లా ముగిస్తే, మా కుక్కరు పోటీ ఎట్లా ముగియాలి?

ఇట్లా ముగిసింది. సెమీ ఫైనల్ భోగి ముందు రోజు సాయంత్రం. ఒక ఆటగాడు హైదరాబాద్ నుంచి ఊరికి కార్లో బయల్దేరి, పంతంగి టోల్ దాటి, చిట్యాల ముందు నిలిచిపోయాడు. 65వ నంబరు జాతీయ రహదారి సంక్రాంతికి ఎట్లుంటదో ఈ దారిన విజయవాడ వైపు పోయిన ప్రతివాడికీ తెలుసు. హైదరాబాద్ హైదరాబాదే ఆంధ్రకు కదులుతుంది, మా ఊరి జంక్షన్ దగ్గర కాస్సేపు కూర్చుని మరీ పోతుంది. స్టీరింగు ఒక చేత్తో, లూడో ఒక చేత్తో. "అన్నా, గంటసేపట్ల కారు నాలుగు గళ్లు గూడ కదల్లె, నా కాయే నయం" అని గ్రూపులో వాయిస్ పెట్టాడు. ఇంత బండ్ల గుంపులో సిగ్నల్ ఎక్కడుంటుంది? రెండు వంతులు తప్పాయి, ఆట అతన్ని బయటికి తోసేసింది. ఆరో పేజీ ప్రకారం నెట్ పోతే ఓటమే. పదకొండో పేజీ ప్రకారం 'అనివార్య పరిస్థితుల్లో' మళ్లీ ఆడించొచ్చు. సంక్రాంతి రద్దీ అనివార్యమా? ప్రతి ఏడూ వస్తుంది కదా, ముందే తెలిసిందే కదా, అని బావమరిది. ప్రతి ఏడూ వస్తుంది కాబట్టే అనివార్యం అని తోడల్లుడు. ఆ వాదన రాత్రి పన్నెండు దాకా సాగింది. నిజం చెప్పాలంటే ఆ మూడు గంటలూ గ్రూపు బతికింది. డల్లాస్ ఆయన ఆఫీసు మీటింగ్ మానుకుని తీర్పు చెప్పాడు. దుబాయి నుంచి ఒకాయన, "ముండమోపి గవ్వలేసి చూడుండ్రి, అయిపోతది" అన్నాడు. నాయినమ్మ ఉంటే చేసేది అదే.

కమిటీ మాత్రం బుఖోల్జ్ లెక్క తీసింది. కుక్కరు నిర్వాహకుడి ఇంటికే పోయింది. ఆయన వినయంగా ఒక ఫొటో పెట్టాడు, పక్కన మంట బొమ్మతో.

నాకు పదిహేడో స్థానం వచ్చింది. పదహారు దాకా సర్టిఫికెట్ ఇస్తారట. పదహారో ఆయనకూ నాకూ అర పాయింటే తేడా. అది కూడా మూడో రౌండులో నేను చంపిన ఒక కాయను లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల వచ్చిన తేడా. స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది, చార్జింగ్ నలభై రెండు శాతం స్పష్టంగా కనపడుతోంది. అప్పీలు పెట్టి తొమ్మిది రోజులైంది. బావమరిదికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.