నల్లమల పక్కన చలికాలం వెతికే చోక్

ఆటోమేటిక్ చోక్ అంటే కార్బురేటర్ నోటి దగ్గరుండే చిన్న రేకు తలుపు. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకని ఈ తలుపు మూసుకుని గాలిని తగ్గిస్తుంది, పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజన్ వేడెక్కేకొద్దీ తలుపు దానంతటదే తెరుచుకోవాలి. తెరిపించేది రెండు రకాల లోహపు పట్టీలు అతికించి చుట్టిన స్ప్రింగు: వేడికి ఒక పట్టీ ఎక్కువ, ఇంకోటి తక్కువ సాగి చుట్ట కదులుతుంది. 1932లో ఓల్డ్స్‌మొబైల్ కార్లతో అమెరికాలో వాడుకలోకి వచ్చిన ఏర్పాటు ఇది. అక్కడ మంచు పడుతుంది. నంద్యాలలో పడేది ఎండ. డిసెంబరు తెల్లవారుజామున మంకీ క్యాప్ పెట్టుకునేవాళ్లున్న మాట నిజమే గానీ, ఇంజన్‌కు ఆ చలి రెండు నిమిషాల ముచ్చట.

నంద్యాల, ఆళ్లగడ్డ షెడ్లకు వచ్చే లారీలు డీజిలువి. డీజిలు ఇంజన్‌కు కార్బురేటరే లేదు కాబట్టి చోక్ రోగమూ లేదు. పాత పెట్రోలు జీపుకూ అంబాసిడర్‌కూ చోక్ ఉండేది గానీ, అది డ్యాష్‌బోర్డు మీది నాబ్ పట్టి లాగేది. ఆటోమేటిక్ చోక్ ఉన్న పాత అమెరికా పికప్ ట్రక్కు ఎవరి మోజు వల్లనో ఇటువైపు వస్తే, చూడ్డానికి చేరే జనం టీ ఖర్చు కూడా రిపేరు బిల్లులో వేసుకోవాలి. అందరూ సలహా ఇస్తారు. అందరి సలహా ఒకటే: ‘‘కార్బేటర్ ఇప్పుదాం పా అన్నా!’’ నిజానికి అది చిట్టచివరి పని.

చోక్ చెడేది రెండు తీర్లు. తలుపు తెరుచుకునే ఉండిపోతే పొద్దున బండి లేవదు. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ పడుకుంటుంది. ఈ సీమలో దీంతో పెద్ద బాధ లేదు. మూసుకుని బిగుసుకుపోతేనే అసలు కష్టం: సైలెన్సర్‌లో నల్లపొగ, పెట్రోలు వాసన, మసిబారిన ప్లగ్గులు, మైలేజీ సంగతి అడగకపోవడమే మేలు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. చోక్ పని ఊరు దాటకముందే ముగియాలి. శిరివెళ్ల దాటినా తెరుచుకోలేదంటే, ఆ బండి నల్లమలను హిమాలయం అనుకుంటున్నట్టు లెక్క.

పరీక్ష చల్లటి ఇంజన్ మీదే చేయాలి. ఎయిర్ క్లీనర్ విప్పి, స్టార్ట్ చేయకుండా యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి వదిలితే తలుపు మూసుకోవాలి. ఇంజన్ అందుకోగానే సన్నటి సందు తెరుచుకోవాలి. అది వ్యాక్యూమ్ డయాఫ్రం పని. తెరుచుకోకపోతే దాని రబ్బరు ట్యూబు చూడాలి, ఈ ఎండకు ట్యూబులు పగలడం మామూలే. కొన్ని నిమిషాలకు తలుపు పూర్తిగా నిలువుగా నిలబడాలి.

కదలకపోతే ముందు అనుమానించాల్సింది దుమ్మునే. నల్లరేగడి దుమ్ము ఎలాగూ ఉంటుంది. ఆళ్లగడ్డలో దానికి శిల్పుల షెడ్ల రాతిపొడి తోడు. తలుపు ఇరుసు మీద కార్బురేటర్ క్లీనర్ కొట్టాలి. ఆయిల్ వేస్తే ఆ పూటకు హాయిగా ఆడుతుంది, తర్వాత మరింత దుమ్ము పట్టుకుంటుంది. కరెంటుతో వేడెక్కే చోక్ అయితే ఇంజన్ నడుస్తుండగా టెస్ట్ బల్బు పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడాలి. దగ్గరగా ఉంది కదా అని ఇగ్నిషన్ కాయిల్ నుంచి వైరు లాగితే చోక్‌కూ చాలదు, ప్లగ్గుకూ చాలదు. ఇవన్నీ బాగుంటేనే చోక్ మూత స్క్రూలు వదులు చేసి, పెట్రోలు తగ్గే వైపు ఒక్క గీత తిప్పాలి. ఒక్క గీతే! పక్కనున్నవాళ్లు ‘‘ఇంగ రోంత తిప్పు’’ అంటూనే ఉంటారు.

మే నెలలో చోక్ చేయని తప్పు కూడా దాని మీదే పడుతుంది. దారిలో ఆపిన బండి మళ్లీ లేవకపోతే, పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడి ఉండవచ్చు. అప్పుడు ప్లగ్గులు పొడిగా ఉంటాయి. చోక్ దోషమైతే తడిగా, నల్లగా ఉంటాయి. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసే పాత డ్రైవర్లకు ఈ తేడా పుస్తకం లేకుండానే తెలుసు. స్టార్ట్ కాని బండి కార్బురేటర్ నోట్లో పెట్రోలు పోసే అలవాటు మాత్రం మానాలి. ఇంజన్ వెనక్కి తన్నితే ముందు కాలేవి పోసినవాడి కనుబొమలు.

స్ప్రింగు చచ్చి, కొత్తది ఎక్కడా దొరకని బండికి కేబులుతో లాగే చోక్ బిగించుకోవడమే ఈ ఎండకు సరైన మందు. అయితే నాబ్ పూర్తిగా లోపలికి నెట్టాకే దూరం పోండి, దయచేసి దానికి సంచి తగిలించకండి.