రామభద్ర లిపి ఆత్మకథ

నా పేరు రామభద్ర. శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజములలో నొకడని ప్రసిద్ధిగాంచిన అయ్యలరాజు రామభద్రకవి పేరిట నాకు నామకరణము చేసిరి. ఆయన రామాభ్యుదయమును రచించెను. ఆ నామధేయమును మోయుచున్న నేనో, కదిరి పట్టణమున నొక ఫ్లెక్సీ దుకాణపు కంప్యూటరులో గూర్చుండి, జన్మదిన శుభాకాంక్షలును హార్దిక స్వాగతములును వ్రాయుటతోనే కాలము గడపితిని.

నన్ను రూపొందించినవారు పురుషోత్ కుమార్ గుత్తుల. ఎల్లరకు నుచితముగా నందజేసినది సిలికానాంధ్ర సంస్థ. పుస్తకముల పుటలు నింపుటకు గాక, శీర్షికలకును గోడపత్రికలకును పనికివచ్చునట్లు నన్ను స్థూలకాయునిగా దీర్చిరి. తెలుగక్షరమును లావు చేయుట మాటలు గాదు. గీత బలిసినకొలది వర్తులముల నడిమి బయలు పూడుకొనిపోవును. ‘ప’కారమునకు తలకట్టు ఎడముగా నుండును, ‘వ’కారమునకు కలిసియుండును, ఆ యిసుమంత సందు మూసికొనిపోయెనా, పండుగ కాస్తా వండుగ యగును.

అంత శ్రద్ధతో నిలిపిన సందును దుకాణమున నెవ్వరు గణింతురు? ఫ్లెక్సీలో ముప్పాతిక భాగము నాయకుల ముఖములకే సరిపోగా, మిగిలిన మూలలోనికి నన్ను నిలువున బిండి, చుట్టును పసుపుపచ్చని అంచు కట్టుదురు. “అన్నా, అక్షరాలు ఇంగ రోంత లావు చెయ్యన్నా, రోడ్డు మీదికి కనపడల్ల” అని వచ్చినవాడు పట్టుబట్టును. పుట్టుకతోనే లావైన నన్ను జూచి!

ఫాల్గుణమున ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవములు వచ్చినప్పుడు నా కష్టము పరాకాష్ఠ నందును. కొన్ని పాత సాఫ్టువేరులు యూనికోడు లిపినగు నన్ను చదువనేరక, స్వామి నామములోని వత్తులను విడదీసి పొల్లులుగా నిలబెట్టును. అవి సరిగా వచ్చిననాడు సైతము, ‘లక్ష్మీ’ క్రింద వ్రేలాడు మకారపు వత్తునకు చోటు విడువక పంక్తులను దగ్గరకు జరుపుటచే, అది పోయి క్రిందనున్న నాయకుని పేరు నెత్తిన గుచ్చుకొనును. అది నాకు కొంత తృప్తి నిచ్చెననుటకు సిగ్గుపడను.

రథోత్సవము ముగిసిన పిమ్మట నన్ను చదువువాడుండడు. కట్టెచట్రము నుండి ఊడదీసిన ఫ్లెక్సీ మేకలదొడ్డికి కప్పగును, పూలంగడికి నీడయగును, వెలిసి చిరిగి మురుగుకాలువ కడ్డుపడును. పైరు ఎండునప్పుడు రాక, కాయ పెరికి కుప్ప వేసిననాడే వాన దిగుట యీ సీమ కలవాటు. అప్పుడు రైతు పరుగుపరుగున వచ్చి, అక్షరములు క్రిందికిని తెల్లని వీపు పైకిని వచ్చునట్లు శెనక్కాయల కుప్పపై నన్ను పఱచును. ఆ చీకటిలో కాయలకు ముఖమానించి, ‘సుస్వాగతము’ అని యెన్ని రాత్రులు పలికితినో.

ఫ్లెక్సీకి అడుగుల లెక్కన వెల గట్టుదురు. నేను వెల లేక వచ్చినవాడను గావున పోయినను లెక్కలోనికి రాను. దుకాణమునకు క్రొత్త కంప్యూటరు వచ్చినప్పుడు నన్ను దానిలోనికి ఎక్కించుట మఱచిరి. మొన్న నొకడు వచ్చి, “ఆ లావు అక్షరాలు యాడికి పోయినాయన్నా?” అని యడిగెను.

“పాత సిస్టంలో ఉండాయిలే. దాన్నెవురు ఆన్ చేస్తారు, వేరేది వేసుకో.”