ఆధార్ రెండు జిరాక్సులు

డోన్‌లో ఏ పనైనా జిరాక్స్ షాపు దగ్గరే మొదలవుతుంది. సిమ్ కార్డుకైనా, గ్యాస్ కనెక్షన్‌కైనా, బ్యాంకు లోనుకైనా కౌంటర్ అవతలి మనిషి తలెత్తకుండా చెప్పే మాట ఒకటే: "ఆధార్ రెండు జిరాక్సులు తేప్పా." రెండెందుకని ఎవరూ అడగరు. అడిగితే పని రేపటికి పోతుందని అందరికీ తెలుసు.

అలాంటి ఊరికి ఢిల్లీ ఒక చట్టం పంపింది. పేరు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023. గోప్యత ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చింది. ఆ హక్కుకు చట్టం రావడానికి ఆరేళ్లు పట్టింది. చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. జనానికి పనికొచ్చే ముఖ్యమైన సెక్షన్లు అమలయ్యేది 2027 మేలో. డోన్ జంక్షన్‌లో రైలు కోసం కూచోవడం అలవాటైనవాళ్లకు ఇదొక ఆలస్యమే కాదు.

ఈలోగా పాఠాలు నేర్చుకోవచ్చు. మొదటిది సమ్మతి. డేటా ఇచ్చే మనిషి స్వేచ్ఛగా, విషయం తెలుసుకుని, ఫలానా పనికేనని, షరతుల్లేకుండా ఒప్పుకోవాలని ఆరో సెక్షన్ అంటుంది. డేటా దేనికో చెప్పే నోటీసు తెలుగులో కావాలంటే తెలుగులోనే ఇవ్వాలి. నంద్యాలలో ఎవరైనా ఈ సెక్షన్ చదువుకుని సిమ్ కార్డుల షాపుకెళ్లారనుకుందాం.

"అన్నా, ఈ జిరాక్సు దేనికి వాడతావు?"

"నీకు సిమ్ కావాల్నా, వద్దా?"

స్వేచ్ఛాయుత సమ్మతి సంపూర్ణం.

రెండో పాఠం, చట్టం దేనికి వర్తిస్తుందన్నది. డిజిటల్ రూపంలో ఉన్న డేటాకు, లేదా కాగితం మీద తీసుకుని తర్వాత కంప్యూటర్‌కెక్కించిన డేటాకు మాత్రమే. అంటే కంప్యూటర్ ముఖం చూడకుండా బీరువాలోంచి పాత కాగితాల కొట్టుకు, అక్కడినుంచి బజ్జీల బండికి చేరిన జిరాక్సు ఈ చట్టం పరిధిలోకే రాదు. పేరు, పుట్టిన తేదీ, పన్నెండంకెల నంబరు, మీద నూనె మరక. చట్టం దృష్టిలో అది ఉత్త పొట్లం.

సరే, కంప్యూటర్‌లోకి ఎక్కితే భద్రమా? 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో దాదాపు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు అందరికీ కనిపించేలా ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. కులం, మతం వారీగా వెతుక్కునే వసతి కూడా ఉందట. పారదర్శక పాలన అంటే అంత పారదర్శకం! రెండు నెలలు తిరక్కుండానే అన్న సంజీవని అనే ప్రభుత్వ మందుల దుకాణాల వంతు వచ్చింది. ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబరుతో సహా నెట్‌లో దొరికింది. భార్యకు కూడా చెప్పని మందు లోకమంతటికీ తెలిసిపోయింది.

మూడో పాఠం జరిమానా. డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు రూ.250 కోట్ల దాకా పడొచ్చు. వినగానే ఆళ్లగడ్డలో ఆశావహులు లెక్కలు మొదలుపెట్టక్కర్లేదు. ఆ సొమ్ము మొత్తం భారత సంఘటిత నిధికి పోతుంది. డేటా పోయినవాడికి పైసా రాదు. ఇన్నాళ్లూ పరిహారం అడిగే దారి చూపిన ఐటీ చట్టం 43ఎ సెక్షన్‌ను కూడా ఈ చట్టమే తీసేస్తుంది. పైగా బాధితుడికీ కొన్ని విధులున్నాయి. పసలేని ఫిర్యాదు చేశాడని తేలితే అతనికే రూ.10 వేల దాకా జరిమానా. ఇల్లు దోచుకున్నారని స్టేషన్‌కెళ్లినవాడు పర్సు పట్టుకుని వెళ్లడం మంచిది.

అన్నీ ఆలస్యమేనా అంటే, కాదు. నియమాలతో పాటే 2025 నవంబరులోనే అమల్లోకి వచ్చిన సవరణ ఒకటుంది. అది సమాచార హక్కు చట్టం మీదిది. వ్యక్తిగత సమాచారమైతే ఇవ్వక్కర్లేదనే మినహాయింపులో ఇదివరకున్న షరతులను ఎత్తేసింది. పౌరుడి గోప్యత 2027 దాకా ఆగుతుంది, ఫైళ్ల గోప్యత ఆగలేకపోయింది. ప్రజాప్రయోజనం పేరుతో అడిగే వీలిచ్చే 8(2) సెక్షన్ మాత్రం ఇంకా మిగిలే ఉంది. సమాచార హక్కు దరఖాస్తు రాసేవాళ్లు ఆ నంబరు గుర్తుపెట్టుకోవాలి.

ఇక జిరాక్సు సంగతి. ఆధార్ నకళ్లు ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దని 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం హెచ్చరించింది. దేశం గగ్గోలెత్తింది. అపార్థానికి తావుందంటూ రెండు రోజుల్లోనే, మే 29న ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. నిజమైన మాట ప్రభుత్వ కాగితం మీద అంతకంటే ఎక్కువ కాలం నిలవదేమో.

వెనక్కి తీసుకున్నా సలహా మాత్రం మంచిదే. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, చెల్లేచోట అదే ఇవ్వండి. జిరాక్సే కావాలంటే ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నారో దాని మీద అడ్డంగా రాసి సంతకం పెట్టండి. రెండోది ఎందుకో ఒక్కసారి అడిగి చూడండి.